ఆగకుండా పోయిన ట్రాలర్

మొన్న ఆదివారం ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద చేపల కొట్టు ముందు నిలబడి ఉన్నాను. కొట్టువాడు ఐసు మీద పరిచిన చేపల్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తూ, ఇవి దీఘా రేవు ట్రాలర్ సరుకు మాశీమా, పొద్దుటే దిగాయి అని బెంగాలీలో, పిన్ని వరస కలిపి చెప్పాడు. నా వెనక ఒక తెలుగు పిల్లవాడు ఉన్నాడు, ఇంజనీరింగ్ చదవడానికి గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. ట్రాలర్ అంటే ఏమిటి ఆంటీ అని అడిగాడు. చేపలు పట్టే పెద్ద మరపడవ బాబూ అని చెప్పి, చేపలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లవాడి మీద కాదు. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని, ఆ అర్థం వల్లనే మా ఇంట్లో ఒక మొగుడూ పెళ్ళామూ ఇరవై ఏళ్ళకు పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా బతికారని, చేపల కొట్టు ముందు నిలబడి ఎవరికి చెప్పగలను? నా ఈడువాళ్ళు చదివితే అర్థం చేసుకుంటారని ఇది రాస్తున్నాను. వయసు మళ్ళాక కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

నేను పెరిగింది మా పెద్దనాన్న, పెద్దమ్మల దగ్గర. మా నాన్న రైల్వేలో గార్డు, ఆయన్ని ఎక్కడెక్కడికో వేసేవారు. నా చదువు చెడకూడదని నన్ను ఖరగ్‌పూర్‌లోనే, ట్రాఫిక్ కాలనీలో పెద్దనాన్న క్వార్టర్లో ఉంచేశారు. పెద్దనాన్న వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. అక్కడి సుత్తుల మోతకి ఆ షాపులో అందరికీ చెవులు మందగించేవి గాని, ఆయన చెవులు అక్కడికి రాకముందే సగం పోయాయి. పిల్లలు లేరు వాళ్ళకి. నన్ను కడుపున పుట్టినదానికంటే ఎక్కువగా చూశారు, అందులో ఏ లోటూ లేదు. కానీ ఆ ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. పెద్దమ్మ వంటింట్లోంచి, "అమ్మీ, నీల్లు తోడినానని సెప్పు" అనేది. పెద్దనాన్న వరండాలో మూడడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. నేను వెళ్ళి, నీళ్ళు తోడిందట అని ఆయన చెవి దగ్గర అరిచేదాన్ని. ఆయన, "కూరలో ఉప్పు సాలనేదని సెప్పకు, బాగుందని సెప్పు" అనేవాడు. నేను తిరిగి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అన్ని ఇళ్ళలోనూ ఇంతే కాబోలు అనుకున్నాను చాలాకాలం.

అసలు సంగతి కాస్త పెద్దయ్యాక తెలిసింది. మా వాళ్ళది శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళ నౌకాదళంలోకి మనుషుల్ని తీసుకుంటుంటే పెద్దనాన్న వెళ్ళి స్టోకరుగా చేరాడు, అంటే ఓడ అడుగున బొగ్గు పారతో ఎత్తి బాయిలర్లో వేసే పని. వెళ్ళేటప్పుడు పెద్దమ్మ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ కుర్రాడికి తల్లి లేదు, పెద్దమ్మే పెంచింది, పెళ్ళయినప్పుడు పుట్టింటి నుంచి చీరలతో పాటు వాణ్ణీ తెచ్చుకుంది. మీసం కూడా సరిగ్గా రాలేదట. వద్దంటే వినకుండా బావ వెనక పోయాడు. అక్కడ ఇద్దర్నీ చెరో ఓడలో వేశారట. యుద్ధం అయ్యాక బావ ఒక్కడే తిరిగి వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పింది మూడే ముక్కలు: వాడి ఓడ పేలిపోయింది, మా ఓడ ఆగలేదు, నేను కింద బాయిలర్ దగ్గర ఉన్నాను. పెద్దమ్మ ఏడవలేదట. ఎంటబెట్టుకెల్లినాడు, ఒగ్గీసి వచ్చినాడు అని వీధిలోకి వచ్చి అందరికీ చెప్పి లోపలికి వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. నేను పుట్టకముందు సంగతి ఇది.

ఆ ఓడలు ట్రాలర్లు. పాఠకులు నమ్మకపోవచ్చు, మా కాలనీలో కూడా ఎవరూ నమ్మేవారు కారు. చేపల పడవల మోస్తరుగానే కట్టి, ముందు ఒక ఫిరంగి, వెనక నీళ్ళలో దొర్లించి జలాంతర్గాముల మీద పేల్చే మందు పీపాలు బిగించేవారు. కొన్నింటిని మన కలకత్తా నది ఒడ్డునే కట్టారని పెద్దనాన్న చెప్పేవాడు. మిగతా రోజుల్లో మాట్లాడని మనిషి, ఈ సంగతి అడిగితే మాత్రం హుషారుగా చెప్పేవాడు. వరండాలో రెండు గరిటెలు పెట్టి, మధ్యన పురికొస కట్టి, ఇదిగో ఇవి రెండు ట్రాలర్లు, పక్కపక్కన ఒకే వేగంతో పోవాలి, వెనక ఉక్కు తాడు లాగాలి అనేవాడు. శత్రువు సముద్రం అడుగున గొలుసుతో కట్టి దాచిన మందుగుండు ఆ తాడుకి తగిలితే, తాడుకున్న కత్తెర గొలుసుని తెంపుతుంది, ఆ గుండు పనసకాయలా పైకి తేలుతుంది, అప్పుడు దూరం నుంచి కాల్చి పేలుస్తారు. ఆ పేలుడు ఓడ అడుగున ఉన్నవాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పడానికి, బోర్లించిన గంగాళంలో నా తల పెట్టించి పైనుంచి గరిటెతో కొట్టాడొకసారి. పెద్ద ఓడలు, సైన్యాన్ని మోసే ఓడలు వెనక వస్తాయి. అవి భద్రంగా రావడానికి ముందు ఈ చిన్నవి వెళ్ళి దారి ఊడ్చాలి. ఇంత చెప్పేవాడు గాని, ఆ ఒక్క రోజు గురించి అడిగితే గరిటెలు తీసుకుని వంటింటి గడప మీద పెట్టేసి లేచిపోయేవాడు.

కాలనీలో కొందరు వెటకారం చేసేవారు. యుద్ధానికి పోయి చేపలు పట్టుకొచ్చాడనీ, సముద్రాన్ని చీపురుతో ఊడ్చాడనీ. ఝాడూ దాదా, అంటే చీపురన్న, అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళలో ఒక్కడు కూడా యుద్ధం ముఖం చూసినవాడు కాదు. హౌరా దాటి తూర్పుకి పోనివాళ్ళు. పెద్దనాన్నకి వినపడదని ఆయన ఎదురుగానే అనేవారు. నాకు వినపడేది.

నాకు రైల్వే స్కూల్లో టీచరుగా ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, అరవైల చివర్లో అనుకుంటాను, మా ఊళ్ళో మాజీ సైనికుల సంఘమొకటి పెద్ద సభ పెట్టింది. ఆ సంఘం పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. ముఖ్య అతిథిగా నౌకాదళంలో రిటైరైన ఒక ఆఫీసరు కలకత్తా నుంచి వస్తున్నాడన్నారు. వర్క్‌షాపులో పనిచేసే మాజీ సిపాయిలందర్నీ భార్యలతో సహా పిలిచారు. ఆ ఆఫీసరు పేరు వినగానే పెద్దనాన్న ముఖం మారింది. ఆ ఆఫీసరు యుద్ధంలో ఆయన పనిచేసిన ట్రాలర్ మీద కెప్టెన్. వెళ్ళనన్నాడు. పెద్దమ్మ మాత్రం పెట్టె అడుగు నుంచి మంచి చీర తీసింది. "ఎల్తన్నానని సెప్పు" అంది నాతో. ఆయన కూడా లేచి చొక్కా తొడుక్కున్నాడు.

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద పూలకుండీలు, వెండి గ్లాసులో నీళ్ళు. మొదటి వరసల్లో అధికారులూ వాళ్ళ భార్యలూ. మా వాళ్ళకి వెనక, గోడ దగ్గర బెంచీలు వేశారు. పెద్దనాన్న మగవాళ్ళ వైపు స్తంభం పక్కన కూర్చున్నాడు. నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. అతిథి ఇంగ్లీషులో మాట్లాడతాడు, ఆమెకి హిందీ, బెంగాలీ వచ్చుగాని ఇంగ్లీషు రాదు, అందుకని ఒక్కొక్క ముక్కా చెవిలో తెలుగులో చెప్పమంది. ఈసారి కూడా నా ఉద్యోగం అదే.

మనిషి చక్కగా ఉన్నాడు, పాపం, అలా అనకూడదు గాని నిజంగా చక్కగా ఉన్నాడు. నెరిసిన జుట్టు, చేతికర్ర, నవ్వు ముఖం. జనాన్ని నవ్వించడం తెలిసినవాడు. మందుగుండు పేలినప్పుడల్లా చచ్చి తేలిన చేపల్ని గంపలతో ఎత్తుకుని వారం రోజులు పండగ చేసుకున్నామని చెప్పాడు, హాలంతా నవ్వింది. పెద్దమ్మ కూడా కాస్త నవ్వింది. తర్వాత బర్మా తీరం దగ్గర ఒక రోజు గురించి మొదలుపెట్టాడు. వెనక సైన్యం ఓడలు వస్తున్నాయి, రెండు ట్రాలర్లూ జంటగా దారి ఊడుస్తున్నాయి, ఉన్నట్టుండి పక్క ట్రాలర్ ఒక గుండు మీదికి ఎక్కి పేలిపోయింది. నేను చెవిలో చెబుతూనే ఉన్నాను. నా చెయ్యి పెద్దమ్మ చేతిలో ఉంది.

ఆగడానికి వీల్లేదన్నాడు. మందుగుండ్ల మధ్యలో ఆగితే మేమూ పోతాం, ఊడ్చిన దారీ పోతుంది అన్నాడు. అది నిజమే కావచ్చు. ఆగకపోవడం తప్పో ఒప్పో నాకు తెలియదు, సముద్రం మీద యుద్ధం గురించి తీర్పు చెప్పేంత దాన్ని కాదు. నా కోపం ఆ తర్వాతి మాటల మీద. వెనకొచ్చే లాంచీ అదృష్టం కొద్దీ ఆఫీసర్లు ముగ్గురినీ ఎక్కించుకుందని, వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు, ఒకాయన తర్వాత పెద్ద హోదాకి వెళ్ళాడనీ, ఇంకొకాయన తనకి బంధువయ్యాడనీ చెప్పాడు. కాబట్టి మేము ఎవర్నీ పోగొట్టుకోలేదు, నీళ్ళలో ఉండిపోయింది కొందరు స్టోకర్లు మాత్రమే అన్నాడు. సరిగ్గా ఈ మాటలే. ఎవర్నీ పోగొట్టుకోలేదు, కొందరు స్టోకర్లు మాత్రమే.

నా నోరు ఆగిపోయింది. పెద్దమ్మ నా చెయ్యి నొక్కి, ఏటన్నాడు అంది. చెప్పాలా వద్దా? అబద్ధం చెబితే ఆమెకి తెలిసే దారి లేదు. కానీ ఆ హాల్లో ఒక్కరి ముఖం కూడా మారలేదు, ముందు వరసలో ఒకావిడ విసనకర్ర విసురుకుంటూనే ఉంది, అది చూసి నాకు వచ్చిన కోపమే చెప్పించింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఊ అంది, అంతే.

అతిథి అక్కడితో ఆపలేదు. ఇంకో తమాషా వినండి అన్నాడు. పక్క ఓడ పేలగానే మా ఓడ అడుగు నుంచి ఒక మద్రాసీ స్టోకరు బొగ్గు పార పట్టుకుని నిచ్చెనెక్కి, కెప్టెన్ నిలబడి ఓడ నడిపించే బ్రిడ్జి మీదికి వచ్చేశాడు, ఒళ్ళంతా మసి, కళ్ళు మాత్రం తెల్లగా, ఓడ ఆపమంటాడు, ఆపకపోతే తల పగలగొడతానంటాడు. పిచ్చెక్కింది పాపం. నలుగురు పట్టుకుంటే గాని లొంగలేదు, తాళ్ళతో కట్టి కింద పడేయించాను, తర్వాత కఠిన శిక్ష కూడా వేయించాను. వాడు ఆ పార ఎత్తినప్పుడు నేను ఎలా వంగానో చూడాలి మీరు అని, వంగి చూపించాడు. హాలు పగలబడి నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు.

ఇది కూడా చెవిలో చెప్పాను. పెద్దమ్మ మెల్లగా తల తిప్పి స్తంభం వైపు చూసింది. పెద్దనాన్న తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకి మాటలు వినపడలేదు గాని, ఆ వంగడం కనపడింది.

పెద్దమ్మ లేచి నిలబడింది. "సాబ్, ఏక్ బాత్ పూఛ్‌నా హై" అంది, ఒక మాట అడగాలని. గొంతు పెద్దది ఆమెది, చెవిటి మొగుడున్న ఇంట్లో, ఆయనతో మాట్లాడకపోయినా, పెద్దగా మాట్లాడడమే అలవాటు. చప్పట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత తెలుగులోకి వచ్చేసింది, నన్ను తర్జుమా చెయ్యమని భుజం మీద చెయ్యి వేసింది. నేనూ లేచాను. పైవాళ్ళంతా చూస్తున్నారు, ఉద్యోగం కొత్త.

"ఆ ముగ్గురి పేర్లూ సెప్పినావు బాబూ. నీల్లలో ఉండిపోయినోల్ల పేర్లు ఏటి?"

ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వుముఖంతోనే, అమ్మా, అది యుద్ధం, అందరి పేర్లూ ఎలా గుర్తుంటాయి అన్నాడు.

"ఒక్కడి పేరు సెప్పు."

ఆయన సంఘం కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి మా తెలుగువాడే, మా కాలనీవాడే, చేతులు ఊపుతూ కూర్చోమని సైగ చేస్తున్నాడు. పెద్దమ్మ కూర్చోలేదు. తమ్ముడి పేరు చెప్పింది, ఇంటి పేరు చెప్పింది, ఊరు చెప్పింది. "మా అమ్మ పోతే నాను పెంచినాను. స్టోకరు మాత్రమే కాదు. ఈపాలి ఎక్కడైనా ఈ కత సెప్తే, ఆడి పేరు కూడా సెప్పు" అంది. ఆమె చెప్పినది చెప్పినట్టే ఇంగ్లీషులో పలికాను, ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. నా జన్మలో నేను మాట్లాడిన మంచి ఇంగ్లీషు అదే. ఆయన గ్లాసందుకుని నీళ్ళు తాగాడు. కార్యదర్శి గబగబా మైకు దగ్గరికి వచ్చి జాతీయగీతం పాడించేశాడు. అందరూ లేచి నిలబడ్డారు. మేము ఎలాగూ నిలబడే ఉన్నాం.

బయటికి వచ్చాం. ఎప్పటిలాగే పెద్దమ్మ ముందు, నేను మధ్యన, పెద్దనాన్న వెనక. సాయంకాలం షిఫ్టు దిగినవాళ్ళ సైకిళ్ళు రోడ్డంతా నిండిపోయి ఉన్నాయి. కొంత దూరం నడిచాక పెద్దమ్మ ఆగి, వెనక్కి తిరిగి, నన్ను పక్కకి నెట్టి ఆయన ఎదురుగా నిలబడింది.

"నువ్వు పైకెల్లినావేటి?"

ఆమె తనతోనే మాట్లాడుతోందని ఆయనకి నమ్మకం కుదరలేదు, నా వైపు చూశాడు.

"నిన్నే అడుగుతన్నాను. పార అట్టుకుని పైకెల్లినావేటి?"

"ఎల్లినాను" అన్నాడు.

"మరి నాకు సెప్పలేదేటి ఇన్నాల్లు?"

ఆయన, "ఓడ ఆగనేదు గదా. ఆగనప్పుడు ఆపబోయినానని సెప్పుకుంటే ఏటి లాబం? ఆడు రాడు గదా" అన్నాడు.

అప్పుడు పెద్దమ్మ ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ తిట్లూ ఒక్కసారే. నన్ను రాయిని చేసి కూకోబెట్టినావు, ఒక్క ముక్క చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా, నిన్ను తాళ్ళతో కడితే కట్టినారని చెప్పుకోవడానికి పెళ్ళాం కంటే ఎవరున్నారు నీకు, ఇలా. ఆయనకి వినపడాలంటే గట్టిగా అరవాలి, అందుకని రోడ్డు రోడ్డంతా విన్నది. సైకిళ్ళవాళ్ళు దిగి నిలబడ్డారు. ఒక బెంగాలీ ముసలాయన ఏమైంది దీదీ అని అడిగితే, నా మొగుడితో మాట్లాడతన్నాను, నువ్వెల్లు అంది. ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది. ఆయన ఒక చెయ్యి చెవి వెనక పెట్టుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటూ పక్కనే నడిచాడు.

మర్నాడు పొద్దున కార్యదర్శి వచ్చాడు. అతిథి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడట, మధ్యాహ్నం బండికి పోతాడట, ఈలోగా మొగుడూ పెళ్ళామూ వెళ్ళి క్షమాపణ చెప్పాలట. లేకపోతే సంఘం పరువు పోతుందట. ఎవరి ముందూ గొంతెత్తని పెద్దనాన్న అతని ముఖంలోకి చూసి, "నాను రాను" అన్నాడు. పెద్దమ్మ లోపలినుంచి చెప్పులు తొడుక్కుని వచ్చి, "నానొస్తాను పదండి, ఇంకా సెప్పాల్సినవి ఉన్నాయి" అంది. కార్యదర్శి ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ సంఘం వాళ్ళు పెద్దనాన్నని ఏ సభకీ పిలవలేదు. కాలనీలో పెద్దమ్మని పిచ్చిదన్నవాళ్ళు చాలామంది. పెద్దవాళ్ళ ముందు ఆడది అలా మాట్లాడవచ్చా అన్నవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఒక్కరు కూడా, నీ తమ్ముడు ఎలా ఉండేవాడని అడగలేదు. పక్క క్వార్టర్లోని బెంగాలీ గార్డు భార్య మాత్రం వచ్చి, బియ్యంలో రాళ్ళేరుతున్న పెద్దమ్మ పక్కన కూర్చుని చేటలో సగం తనవైపుకి లాక్కుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నా ఉద్యోగం పోయింది. వాళ్ళిద్దరూ ఉప్పు గురించి, నీళ్ళ గురించి, దోమతెర గురించి సూటిగా పోట్లాడుకునేవారు, ఇటు నాలుగిళ్ళూ అటు నాలుగిళ్ళూ వినేలాగ. ఒక్కోసారి పెద్దమ్మ ఉన్నట్టుండి, ఆడు ఓడలో సరిగ్గా తినీవాడా అని అడిగేది. పెద్దనాన్న చెప్పేవాడు. బొగ్గు మోసి మోసి భుజాలొచ్చాయనీ, సముద్రం పొంగినప్పుడు అందరూ వాంతులు చేసుకుంటే వాడొక్కడే రొట్టెలు తినేవాడనీ. ఇవన్నీ ఎప్పుడో చెప్పుకోవలసిన మాటలు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ మాటల్ని వాళ్ళ దగ్గర్నుంచి ఎవరు దొంగిలించారని నేను అడుగుతున్నాను. ఆయన మొండితనమా, ఆమె పంతమా? కాదు. ఓడ ఆపమన్నవాణ్ణి పిచ్చివాడని తాళ్ళతో కట్టి, అది సిగ్గుపడవలసిన సంగతని వాడి చేతనే నమ్మించినవాళ్ళు. చక్కటి నవ్వుముఖంతో.

ఇప్పుడు అంతా మారిపోయింది. పెద్దనాన్న పోయాడు, ఆ తర్వాత పెద్దమ్మా పోయింది. ఆవిరి ఇంజన్లు పోయాక బాయిలర్ల మోత కూడా పోయింది, ట్రాఫిక్ కాలనీలో మా వరస క్వార్టర్ల చుట్టూ పిచ్చిమొక్కలు మొలిచాయి, అటువైపు వెళితే పెద్దగా మాట్లాడుకునే గొంతు ఒక్కటి కూడా వినపడదు. నేను ఇదే ఊళ్ళో సుభాష్‌పల్లిలో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను, పిల్లలకి ఇంకా పాఠాలు చెబుతాను. ఈ రోజుల్లో సైనికుల పేరెత్తితే జనం లేచి నిలబడుతున్నారు, మంచిదే. కానీ ఓడ అడుగున బొగ్గు వేసినవాళ్ళని ఎవరూ తలచుకోవడం నేను వినలేదు. ఆ ఆఫీసరు కూడా ఈపాటికి పోయే ఉంటాడు. అతను ఆ తర్వాత ఆ కథ ఎక్కడైనా చెప్పాడో లేదో, చెబితే ఆ పేరు చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పి ఉండడనే నా నమ్మకం.

పెద్దమ్మ తమ్ముణ్ణి నేను చూడలేదు. ఫొటో కూడా లేదు. ఆ కుర్రాడు ఎలా నడిచేవాడో, ఎలా నవ్వేవాడో చెప్పగల మనిషి ఇప్పుడు ఈ భూమ్మీద లేడు. వాడి కోసం కోపం తెచ్చుకునే మనిషి ఒకత్తి మాత్రం మిగిలింది. నేనూ పోతే, సముద్రంలో వాడు మరీ ఒంటరివాడైపోతాడు.